నలభైకి తొమ్మిది తక్కువ

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు రాసే మనిషిని కాను నేను. చీమ కనిపిస్తే దానికి తొండం తగిలిస్తాను. మా ఆవిడ నా మాట ఏదైనా విన్నప్పుడు ముందు మూడుతో భాగించి, వచ్చినదాంట్లో కొంత తరుగు తీసి, మిగిలింది మాత్రం నమ్ముతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. మీరూ అలాగే చదువుకోండి. అయితే ఈ నెల్లూరు ప్రయాణం రాయడంలో ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, పచ్చిగా కల్పించాను. ఎక్కడో చివర చెబుతాను. ఆగలేనివాళ్లు చివరి పేరాలు ముందే చదివేసినా తెనాలిలో కూర్చున్న నాకు తెలియదు కదా.

నెల్లూరు

రాఘవయ్య మాస్టారు లెక్కల పంతులుగా చేసి రిటైరైనవారు. ముప్పై ఏళ్లుగా చదరంగం పోటీల్లో ఆర్బిటర్, అంటే తగవు తీర్చే పెద్దమనిషి. ఇరవై ఏళ్ల కిందట నేను పోటీలు ఆడే రోజుల్లో, నేను వేసిన ఎత్తును వెనక్కి తీసుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నది ఆయనే. అప్పటి నుంచి స్నేహితులం.

"నాలుగు రోజులు వచ్చి నా వెంట తిరుగు" అన్నారు ఫోన్లో. "నువ్వు చెబితే జనం నమ్మరు గాని, వింటారు. నాకు వినేవాళ్లు చాలు."

సంగతి ఇది. ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా ఆయనకు నెల్లూరులో ఒక రేటింగ్ టోర్నమెంటు పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. రేటింగ్ అంటే ఆటగాడి బలం చెప్పే అంకె. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడితేగాని కొత్తవాడికి ఆ అంకె పుట్టదు. పైవాళ్లు పెట్టిన షరతు ఒక్కటే: నలభై మంది రావాలి. రాకపోతే ఇకమీదట టోర్నమెంటు వేరే జిల్లాకు పోతుంది. మాస్టారి కాగితం మీద ముప్పై ఒక్క పేర్లు ఉన్నాయి.

"ఈ ముప్పై ఒక్కరూ హిమాలయాల్లో పెట్టినా వస్తారు. తల్లిదండ్రులు తోలుకొస్తారు" అన్నారాయన, దోసె తుంచుతూ. "నాకు కావలసింది వీళ్లు కాదయ్యా. టీ కొట్ల ముందు, అరుగుల మీద కూర్చుని ఆడతారే, వాళ్లు. తొమ్మిది మంది. ఒక్కసారి వస్తే చాలదు, రెండోసారి కూడా రావాల."

ఆ దోసె గురించి ఒక మాట. యాభై రూపాయలు. ఎర్రకారం పూసి, మీద నెయ్యి ఒంపి, బల్ల ఆ చివర మాస్టారి ముందు ఒక కొసా ఈ చివర నా ముందు ఒక కొసా వచ్చేటట్టు పరిచాడు. మధ్యలో కూర్చున్న అపరిచితుడు కూడా మొహమాటం లేకుండా తిన్నాడు. మా తెనాలిలో కారం తిన్నవాడు నీళ్లు అడుగుతాడు. ఇక్కడ ఇంకో దోసె అడుగుతున్నాడు.

కొడవలూరు

హైవే పక్కన వరిచేలు, వరిచేల పక్కన రైసుమిల్లు, మిల్లు ముందు టీ కొట్టు, కొట్టు ముందు బెంచీ, బెంచీ మీద చదరంగం. సుబ్బరామిరెడ్డి గారు అక్కడి చక్రవర్తి. పాతిక ఎకరాల రైతు, తలగుడ్డ తీయకుండా ఆడతారు. ఎత్తు వేసేటప్పుడు బంటును ఎంత గట్టిగా కొడతారంటే మిల్లులో పనివాళ్లు బస్తా పడిందేమోనని బయటికొస్తారు.

మాస్టారు రేటింగ్ అంటే ఏమిటో ఓపికగా చెప్పారు. రెడ్డి గారు విన్నారు.

"అంటే, వడ్లు కొనేటప్పుడు మిషను పెట్టి తేమ చూస్తారే, అట్టాంటిదా?"

"ఇంచుమించు అట్టాంటిదే."

"అయితే నాకొద్దు సామీ. కళ్లంలో గలగలలాడిన వడ్లకు మిల్లు కాడికి పొయ్యేసరికి తేమ వస్తాది. పదిహేనేళ్లుగా ఈ బెంచీ మీద నన్ను కొట్టినోడు లేడు. ఇప్పుడు నెల్లూరొచ్చి మిషన్లో నా తేమ చూపించుకోమంటారా?"

బెంచీ అంతా నవ్వింది. మాస్టారి ముఖం వాడింది. ఆయన నిజం తప్ప మాట్లాడరు కాబట్టి ఆయనకు అక్కడితో దారి మూసుకుపోయింది. నాకు అలాంటి ఇబ్బంది లేదు.

"అవును మాస్టారూ, సంగంలో ఆ మనిషి అన్నదే నిజమేమో" అన్నాను, టీ ఊదుకుంటూ.

"ఏమన్నాడు?" అన్నారు రెడ్డి గారు.

"వద్దులెండి. కొడవలూరోళ్లయితే పది ఎత్తుల్లో కట్టేస్తానన్నాడు."

తలగుడ్డ కిందికి వచ్చింది. "ఎవుడు వాడు? ఏం పేరు?"

పేరు నాకు తెలియదు. ఆ మనిషి ఉన్నాడో లేడో కూడా అప్పటికి తెలియదు. రెడ్డి గారు తన పేరూ, సాక్షిగా ఉండటానికి బామ్మర్ది పేరూ రాయించారు. రెండు.

సంగం

పెన్నమ్మ మీద ఆనకట్ట. నీళ్లు గేట్ల కింద నుంచి దూకి, అవతల ఏమీ ఎరగనట్టు నిదానంగా పోతుంటాయి. కాలవ మీద లస్కరుగా, అంటే చేలకు నీళ్లు వదిలే మనిషిగా పనిచేసే పెంచలయ్య దొరికాడు మాకు. చెట్టు నీడన సైకిలు పక్కన కూర్చుని ఫోన్లో ఆడుతున్నాడు. ఇప్పటికి పద్దెనిమిది లక్షల ఆటలు ఆడాడు. (మూడుతో భాగించమన్నాను కదా, ఇక్కడ కొంచెం ఎక్కువే భాగించండి.)

"వస్తాను గాని సార్, నాకొక చిక్కుండాది" అన్నాడు. "ఎదురుగా మనిషి కూర్చుంటే ఆడలేను. ఫోన్లో అవతలోడికి ముఖం ఉండదు. ముఖం ఉంటే జాలేస్తాది."

మాస్టారు అతని పక్కనే చతికిలబడ్డారు. "నువ్వు బోర్డు చూడు. ముఖాల సంగతి నేను చూసుకుంటాను."

అతను ఇంకా ఊగిసలాడుతుంటే నేను అందుకున్నాను. "కొడవలూరులో ఒక రెడ్డి గారున్నారు. సంగంవాళ్లకు పావులు కదపడం కూడా రాదన్నారు."

పెంచలయ్య ఫోను జేబులో పెట్టేశాడు. మూడు.

బస్సులో మాస్టారు నాతో మాట్లాడలేదు. కొడవలూరులో అబద్ధం, సంగంలో అబద్ధం, ఆయనకు ఒంటికి పడలేదు. నేను మాత్రం కిటికీలోంచి గాలి పీల్చుకుంటూ హాయిగా ఉన్నాను.

వాకాడు దాటాక

సముద్రం ఒడ్డున ఆ ఊరి పేరు రాయను. కాగితాల మీద వాళ్ల జిల్లా మారింది గాని, నోటి మీద ఇంకా నెల్లూరే. ఊరికి కొసన తుఫాను షెల్టరు, స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద కాంక్రీటు కట్టడం. ఎప్పుడో ఒక తుఫానుకు ఊరంతా మూడు రోజులు అందులో ఉండాల్సి వచ్చిందట. డ్యూటీకి వచ్చిన పంతులు ఒకాయన దగ్గర చదరంగం పెట్టె ఉందట. మూడో రోజు గాలి తగ్గేసరికి ఊరికి ఆట వచ్చేసింది. పంతులు పెట్టె వదిలేసి పోయాడు.

ఇప్పుడా పెట్టె షెల్టరు మెట్ల మీద ఉంటుంది. అక్కడి పద్ధతి నేను లోకంలో ఎక్కడా చూడలేదు. ఆట మనిషికీ మనిషికీ కాదు, గట్టుకూ పడవకూ. తెల్ల పావులు గట్టువాళ్లవి, అంటే పడవలు వచ్చేదాకా చేపల కోసం కాచుకుని కూర్చునే ఆడవాళ్లవి. నల్లవి పడవవాళ్లవి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వచ్చి ఎత్తు వేస్తారు. ఒక్కో ఆట నాలుగు రోజులు సాగుతుంది. తెల్ల మంత్రి పోయింది కాబట్టి వలకు కట్టే బెండు ముక్క మంత్రి. నల్ల ఏనుగు ఒకటి పోయింది కాబట్టి సీసం గుండు ఏనుగు. బోర్డు దాటి పోయే కుక్క కూడా ఒక సలహా ఇచ్చి పోతుంది.

గట్టువైపు పెద్దదిక్కు కావేరమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. చేపల గంప మీద గంప పెట్టుకుని వాకాడు సంతకు పోయే మనిషి. నన్ను పడవవాళ్ల వైపు కూర్చోబెట్టారు. తెనాలి ఆటగాడినని చెప్పుకున్నాను. కుర్రతనంలో సంపాదించిన రేటింగ్ ఒకటి నాకు ఇంకా ఉందనీ, అది ఎంతో కూడా చెప్పాను, కొంచెం కలిపి.

పన్నెండో ఎత్తుకు ఆవిడ ఆగింది. "అన్నా, నీ మంత్రిని చూసుకో."

చూసుకున్నాను. గుర్రం నోట్లో ఉంది. "మీరు చెప్పకూడదమ్మా. తీసేసుకోవాలి" అన్నాను.

"చూడక పోగొట్టుకున్నదాన్ని తీసుకుంటే గెలుపెట్టా అవతాది? చూసి పోగొట్టుకో. అప్పుడు తీసుకుంటా."

ఆరు ఎత్తుల తర్వాత చూస్తూ చూస్తూనే పోగొట్టుకున్నాను.

ఇంతలో ఒడ్డున అరుపులు. అలివి వల లాగుతున్నారు. సముద్రంలో వేసిన పొడుగాటి వలను రెండు కొసల తాళ్లు పట్టుకుని రెండు జట్లు ఒడ్డుకు లాగుతాయి. అవతలి జట్టులో ఒక ముసలాయన కాలు తడబడి తాడు జారింది. కావేరమ్మ బోర్డు వదిలి, చీర చెంగు దోపుకుని పరిగెత్తి ఆ తాడు పట్టుకుంది. అది తనవాళ్ల జట్టు కాదు, వాళ్లతో పోయిన నెల నుంచి మాటల్లేవట కూడా. రొప్పుతూ వచ్చి కూర్చుని, "యాడున్నాం?" అంది.

మాస్టారు అప్పుడు అడిగారు నెల్లూరు వస్తావా అని.

"ఆడ నాకంటే బాగా ఆడేవోళ్లు ఉండారా?"

"ఉన్నారు."

"కొత్త ఎత్తులు తెలుస్తాయా?"

"ఓడిన ప్రతి ఆటకూ ఒకటి."

ఆవిడ బెండు మంత్రిని చేతిలో తిప్పుతూ కూర్చుంది. "ఈ గట్టున నాకు కొత్త ఎత్తు చూపించినోళ్లు లేక రెండేళ్లయింది సార్. వస్తా. కానీ ఒక మాట. ఆడ నవ్వులపాలైతే మళ్లీ ఈ మెట్ల మీద ఆ పేరెత్తగూడదు."

"అక్క వస్తే మేమూ" అన్నారు పడవవైపు నుంచి ఆవిడ తమ్ముడు ఆర్ముగమూ, ఇంకో ముగ్గురూ. ఎనిమిది.

మాస్టారు మెట్లు దిగుతూ నా భుజం పట్టుకున్నారు. "ఈ ఐదుగురూ రెండోసారి వస్తే తీరమంతా వస్తాది. ఒకసారి చిన్నబోయి వెనక్కి పోయినారంటే, నేను బతికుండగా ఇక రారు."

గూడూరు

కావేరమ్మ మాకు చేపల పులుసు కట్టి ఇచ్చింది. నిన్నటి పులుసు. మావైపు నిన్నటి పులుసు ఇస్తే అవమానం. ఇక్కడ ఈ రోజుది ఇస్తే అవమానం. మామిడికాయ ముక్క చేప ముక్కలోకి, చేప ముక్క మామిడికాయలోకి రాత్రంతా దిగాలట. బస్సులో స్పీడు బ్రేకరు దగ్గర క్యారియరు మూత లేచి, ఆ పులుసు నా తెల్ల చొక్కాలోకి దిగింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "వంజరమా అన్నా?" అని వాసన పట్టి మరీ అడిగాడు. గూడూరులో దిగి, బస్టాండు ఎదుట మూడు వందల యాభైకి కొత్త చొక్కా కొనుక్కున్నాను. మిగిలిన పులుసు నిలబడే తిన్నాం. ఆ రుచికి ఇంకో రెండు చొక్కాలు పోయినా బాధ లేదు.

మళ్లీ నెల్లూరు

ముప్పై తొమ్మిది. ఒకటి తక్కువ. మాస్టారు కళ్లజోడు పైనుంచి నా వైపు చూశారు. నలభయ్యో పేరు నాదే. నా ఆటలు చెప్పుకోదగ్గవి కావు కాబట్టి చెప్పను.

రెండు రోజులు, ఏడు ఆటలు, ఆటకు ఒక్కొక్కరికి అరగంట. గడియారానికి రెండు మీటలుంటాయి. ఎత్తు వేసి మన మీట నొక్కితే మన సమయం ఆగి ఎదుటివారిది నడుస్తుంది. నొక్కడం మరిచిపోతే మన సమయమే కారిపోతూ ఉంటుంది. అయిపోయిందంటే ఆట పోయినట్టే.

మొదటి రోజే రెడ్డి గారూ పెంచలయ్యా ఎదురుపడ్డారు. "పది ఎత్తుల్లో కట్టేస్తానన్నది నువ్వేనా?" "పావులు కదపడం రాదన్నది మీరేనా?" ఇద్దరూ కలిసి నా కోసం వెతికారు. నేను ఆ అరగంట నీళ్ల ట్యాంకు వెనక ప్రశాంతంగా గడిపాను. వాళ్ల ఆట డ్రా. తర్వాత ఇద్దరూ ఒకే దోసె తింటుంటే చూశాను.

కావేరమ్మకు మొదట్లో నిశ్శబ్దమే కష్టమైంది. "ఎవురూ ఏం చెప్పరేంది, పీనుగ లేచిన ఇంట్లో మాదిరి" అంది. నిజం మంత్రిని పట్టుకుని, "ఇంత బరువుందేంది దీనికి" అంది. అయినా మొదటి రోజు నాలుగింటిలో రెండు గెలిచింది. ఒక పదేళ్ల పాపతో ఓడిపోయి, ఓడిన ఎత్తును ఆ పాపతోనే మూడుసార్లు వేయించుకుని నేర్చుకుంది.

రెండో రోజు పొద్దున ఆవిడకు ఎదురుపడ్డవాడు నీలం చొక్కా ఆయన. ఇతన్ని కొంచెం వర్ణించాలి. యాభై దాటిన వయసు. బోర్డు అంచుకు తగిలే పొట్ట. రేటింగ్ లేనివాళ్లతో కూర్చోవలసి వచ్చినందుకు ముక్కు కాస్త పైకి లేచి ఉంది. అంతా కళ్లారా, అతి దగ్గర నుంచి చూశాను.

ఇరవయ్యో ఎత్తుకే అతని పని అయిపోయింది. ఏనుగు పోయింది, రాజు పారిపోతున్నాడు, గడియారంలో అర నిమిషం కూడా లేదు. చెమటలు కక్కుతూ ఒక ఎత్తు వేశాడు. మీట నొక్కడం మరిచిపోయి బోర్డు వైపే చూస్తున్నాడు. సమయం కారిపోతోంది. ఇరవై. పదిహేను. పది. కావేరమ్మ ఊరికే కూర్చుంటే చాలు, గెలిచినట్టే.

చెయ్యి చాపి అతని మీట ఆవిడ నొక్కింది.

నీలం చొక్కా ఆయన తలెత్తాడు. ఏం జరిగిందో అర్థమైంది. అర్థమైనవాడు చేయవలసిన పని ఒకటుంది. అతను ఆ పని చేయలేదు. చెయ్యెత్తి ఆర్బిటర్ని పిలిచాడు. "ఈమె నా గడియారం ముట్టుకుంది."

రాఘవయ్య మాస్టారు వచ్చారు. "నిజమేనా కావేరమ్మా?"

"నిజమే సార్. ఆయన మరిచిపోయినాడు. టైము పోతా ఉంటే."

"అది నీ మీట కాదు కదమ్మా."

"తాడు జారతా ఉంటే ఎవురిదని చూస్తామా సార్?"

హాలులో ఎవరో పిల్లలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. చాలాసేపు నీలం చొక్కా ఆయన వైపు చూశారు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడేమోనని. తీసుకోలేదు. రూలు రూలే. ఆవిడకు హెచ్చరిక, అతనికి అదనంగా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో అతనికి ఒక సందు కనిపించింది. అందులో దూరి, చివరకు ఆట గెలిచాడు.

కావేరమ్మ లేచి వరండాలోకి వెళ్లింది. ఆర్ముగం తన ఆట మధ్యలో వదిలేసి వెళ్లాడు. వెనకే మిగతా ముగ్గురూ. సంచులు సర్దుకుంటున్నారు.

"పదక్కా, పదకొండు గంటల బస్సుండాది" అన్నాడు ఆర్ముగం. "మంచికి పోతే మొట్టికాయేసినారు. మన మెట్లే మేలు."

మాస్టారు చెప్పులు లేకుండానే బయటికొచ్చారు. రూలు తప్పని అనలేదు. ఆ మనిషిని తిట్టనూ లేదు. "తప్పు నాది" అన్నారు. "గడియారం ఎట్టా నొక్కాలో చెప్పినాను. ఎవరిది నొక్కకూడదో చెప్పలేదు. చెప్పాల్సి వస్తాదని నాకు తోచలేదమ్మా. ముప్పై ఏళ్లలో ఒక్కరూ నొక్కలేదు."

ఆవిడ ఆయన పాదాల వైపు చూసింది. ఎండకు గచ్చు కాలుతోంది, ఆయన కాలు మార్చి కాలు వేస్తున్నారు.

"ముందు చెప్పులేసుకోండి సార్" అంది. తర్వాత సంచి కింద పెట్టింది. "ఇంకేమేం చెయ్యగూడదో ఒక్కసారే చెప్పండి. నేర్చుకునేదానికే గదా వచ్చినా."

ఆర్ముగం ఏదో అనబోయాడు. "రేయ్, ఆడ నీ గడియారం తిరగతా ఉండాది, పో" అంది.

మిగిలిన రెండు ఆటల్లో ఒకటి గెలిచింది, ఒకటి డ్రా చేసింది.

తెనాలి

తర్వాతి జాబితాలో కావేరమ్మ పేరు పక్కన అంకె వచ్చింది. మాస్టారు ఆ ఊరు పోయి చెప్పారట. ఆర్ముగం దాన్ని షెల్టరు గోడ మీద పడవకు వేసే రంగుతో రాశాడట, ఒక్కో అంకె జానెడు. "ఈ నంబరు తగ్గతాదా సార్?" అని అడిగిందట ఆవిడ. తగ్గొచ్చు, పెరగొచ్చు అన్నారట ఈయన. "అట్టయితే మళ్లీ రావాల్సిందే గదా, గోడ మీద రాసేసినాడు" అందట. రెండో టోర్నమెంటుకు ఆ మెట్ల మీద నుంచి పదకొండు మంది పేర్లిచ్చారు. వాళ్ల షరతు ఒక్కటే: పోయినసారి వచ్చిన నీలం చొక్కా అన్నను కూడా పిలవాలి. "ఆయనకు గడియారం అలవాటు లేనట్టుండాది. నొక్కను గాని, గుర్తు చేసేదానికేమన్నా రూలుందేమో కనుక్కోండి" అని కావేరమ్మ మాటగా చెప్పారు మాస్టారు.

ఇక మాట ప్రకారం నా లెక్క. దోసె బల్ల ఆ చివరి నుంచి ఈ చివరికి రాలేదు, పళ్లెం దాటింది. పెంచలయ్య ఆటలు పద్దెనిమిది వేలు కూడా ఉండవేమో. కుక్క సలహా ఇవ్వలేదు. ఇవన్నీ పెంచినవి. కావేరమ్మ మాటలు, తాడు, మీట, మాస్టారి చెప్పుల్లేని కాళ్లు మాత్రం జరిగినవి జరిగినట్టే రాశాను.

కల్పించింది నీలం చొక్కా ఆయన్ని. అలాంటి మనిషి ఆ హాలులో లేడు. గూడూరు బస్టాండు ఎదుట నేను కొన్న చొక్కా నీలం రంగుది. ఆ పొట్ట నాది, పైకెత్తిన చెయ్యి నాది. రేటింగ్ లేని మనిషి చేతిలో ఓడితే నా అంకెలో ఒక్కటి కూడా తగ్గదని ఆ తర్వాత మాస్టారు చెప్పారు. ఆ రూలు నాకు ముందే తెలుసని ఆయనకు చెప్పలేదు.

ఈ కాగితాలు అచ్చుకు పంపేముందు మా ఆవిడ చదివింది. చివరిదాకా వచ్చి, "దీన్ని దేనితో భాగించను?" అని అడిగింది.

దేనితోనూ వద్దన్నాను.